హెచ్‌బీసీయూలో ఎమ్మెస్ సీటు వచ్చింది; అక్కడ చదివినవారి అనుభవం ఎలా ఉంది?

ప్రశ్న: ఖమ్మం నుంచి ఒక విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తిచేశాను. వచ్చే ఫాల్ సెమిస్టర్‌కు గ్రీన్స్‌బరో నగరంలోని నార్త్ కరొలైనా ఏ అండ్ టీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ సీటు వచ్చింది. వీసాకు కావలసిన ఐ-20 పత్రం కూడా చేతికి అందింది. అది హెచ్‌బీసీయూ అని, అంటే నల్లజాతివారి చదువు కోసం ఏర్పడిన చారిత్రక విశ్వవిద్యాలయాలలో ఒకటని దరఖాస్తు చేసేటప్పుడు నాకు తెలియదు. కన్సల్టెన్సీవారు ఫీజు, కోర్సు వివరాలు చెప్పారు గానీ ఈ మాట ఎత్తలేదు.

ఆ సంగతి ఇంట్లో తెలిసినప్పటినుంచి రోజూ ఇదే చర్చ. న్యూజెర్సీలో ఉంటున్న మా మేనమామ ఫోన్ చేసి, "ఆడపిల్లను ఆ కాలేజీకి పంపుతారా, ఒక సెమిస్టర్ ఆగి వేరేచోట చూడండి" అన్నాడు. ఎందుకు వద్దో ఆయన చెప్పలేదు, నాన్న అడగలేదు. నాకున్న సందేహాలు మూడు. ఆ పట్టాకు ఉద్యోగాల దగ్గర విలువ ఉంటుందా? అక్కడ మనవాళ్ళు లేక ఒంటరినైపోతానా? వాళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న చోటులోకి వీసా కోసం వచ్చిన పరాయిదానిలా నన్ను చూస్తారా? నిజం చెప్పాలంటే మూడోదే నన్ను ఎక్కువగా వేధిస్తోంది. అక్కడ చదివినవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.

జవాబు: గ్రీన్స్‌బరో పాత విద్యార్థి

నేను అదే విశ్వవిద్యాలయంలో, అదే కోర్సు చదివి 2023లో బయటికి వచ్చాను. మీ మూడో ప్రశ్ననుంచే మొదలుపెడతాను.

ఆ విద్యాలయం ఎందుకు పుట్టిందో తెలిస్తే అక్కడి మనుషులు తొందరగా అర్థమవుతారు. 1862 నాటి మొరిల్ చట్టం కింద రాష్ట్రాలకు భూములు ఇచ్చి వ్యవసాయ, సాంకేతిక కళాశాలలు పెట్టించారు. దక్షిణాది రాష్ట్రాలు వాటిలోకి నల్లవారిని రానివ్వలేదు. 1890లో రెండో చట్టం చేసి, వారిని చేర్చుకోవడమో, వారికి వేరే కళాశాల పెట్టడమో చేస్తేనే సొమ్ము ఇస్తామని షరతు పెడితే, ఆ రాష్ట్రాలు పక్కన కూర్చోబెట్టుకోవడం ఇష్టంలేక వేరే కళాశాలలకే ఒప్పుకున్నాయి. మీకు సీటు వచ్చిన విశ్వవిద్యాలయం అలా 1891లో ఏర్పడింది. వెలివేయడానికి కట్టిన ఆ గోడల మధ్యనే వాళ్ళు ఇంజినీర్లను, శాస్త్రవేత్తలను తయారుచేసుకున్నారు. 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో చనిపోయిన వ్యోమగామి రోనాల్డ్ మెక్‌నెయిర్ 1971లో అక్కడే ఫిజిక్స్ పట్టా పుచ్చుకున్నారు.

మొదటి సెమిస్టర్‌లో నేను క్లాసుకు వెళ్ళడం, ల్యాబ్‌లో కూర్చోవడం, రూముకు వచ్చి పప్పుచారు కాచుకోవడం తప్ప మరేమీ ఎరగను. రూమ్మేట్లు నలుగురూ తెలుగువాళ్ళే. కాబట్టి ఒంటరితనం గురించి మీకు భయం అక్కరలేదు. మనవాళ్ళ మధ్యనే ఉండిపోయి ఆ రెండేళ్ళూ గడిపేసే ప్రమాదమే ఎక్కువ. మన అపార్ట్‌మెంట్లలో నల్లవారిని గురించి మాట్లాడుకొనేటప్పుడు వాడే ఒక మాట ఉంది, ఇక్కడ రాయను. తెలుగులో అంటే ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంటాం. బస్సులో మా వెనక కూర్చున్న క్లాస్‌మేట్‌కు ఆ మాటా తెలుసు, దాని అర్థమూ తెలుసునని ఒకరోజు బయటపడింది. ఆ రోజు తలవంపులు మాకు, ఆయనకు కాదు.

రెండో సెమిస్టర్‌లో నాకు అసిస్టెంట్‌షిప్ దొరికి, బీఎస్ విద్యార్థుల ల్యాబ్ చూసే పని అప్పగించారు. ఒక కుర్రవాడు, వాళ్ళ అమ్మమ్మ కూడా అక్కడే చదివిందట, ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ మధ్యలో తల ఎత్తి, "మీ దేశంలో కులం గురించి మాకు ఒక క్లాసులో చెప్పారు. బయటకు నెట్టేసిన వాళ్ళు చదువుకోవడానికి మీ దగ్గర ఇటువంటి కాలేజీలు ఉన్నాయా?" అని అడిగాడు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ గురించి, గురుకులాల గురించి చెప్పాను. "అయితే నువ్వు అక్కడ చదివావా?" అన్నాడు. లేదన్నాను. "మరి అక్కడివాళ్ళు నీకు స్నేహితులా?" అన్నాడు. నాకు నోరు పెగలలేదు. నన్ను తప్పుపట్టాలని అతను అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. అందుకే ఇంకా గుర్తుంది.

1960 ఫిబ్రవరి 1న ఆ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతున్న నలుగురు విద్యార్థులు, ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్, ఊళ్ళోని వుల్‌వర్త్ దుకాణానికి వెళ్ళి, అక్కడ కొన్ని వస్తువులు కొని, ఆ తరువాత తెల్లవారికి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. వడ్డించలేదు, దుకాణం మూసేదాకా వాళ్ళు లేవలేదు. మర్నాటినుంచి అక్కడి విద్యార్థులూ, అదే ఊళ్ళోని బెనెట్ మహిళా కళాశాల విద్యార్థినులూ వచ్చి చేరారు. ఉద్యమం ఎన్నో పట్టణాలకు పాకింది. జులై 25న ఆ కౌంటర్ అందరికీ తెరుచుకుంది. ప్రాంగణంలో ఆ నలుగురి విగ్రహాలు పక్కపక్కనే నడిచివస్తున్నట్టు నిలబడి ఉంటాయి. ఏటా ఫిబ్రవరి 1న స్మారక కార్యక్రమం జరుగుతుంది. నేను వెళ్ళింది 2022లో. సరిగ్గా ఆ రోజే దేశంలో పదికి పైగా హెచ్‌బీసీయూలకు బాంబు బెదిరింపులు వచ్చాయి. ఫోన్లలో ఆ వార్తలు చూస్తూనే నా పక్కన కూర్చున్న పిల్లలు కార్యక్రమం చివరిదాకా కదలలేదు. 62 ఏళ్ళనాటి సంగతిని తలుచుకోవడానికి వచ్చాననుకున్న నాకు, అది ఇంకా ముగియలేదని అర్థమైంది.

ఒక చిన్న ముచ్చట. అక్కడి విద్యార్థులను 'యాగీ'లు అంటారు. మనకు యాగీ అంటే రచ్చ కదా, మొదటిరోజు ఎవరో "యాగీ ప్రైడ్!" అని అరిస్తే మేమంతా నవ్వుకున్నాం. ఫాల్ సెమిస్టర్‌లో హోమ్‌కమింగ్ వచ్చినప్పుడు మాత్రం రెండు అర్థాలూ కుదిరాయి. పాత విద్యార్థులు మనవలను వెంటబెట్టుకుని వస్తారు, బ్యాండు వాయిస్తుంటే ఊరు ఊరంతా వీధిలోనే ఉంటుంది, మన తిరునాళ్ళలాగే. టెంటు వేసుకుని చేపలు వేయిస్తున్న ఒక పెద్దావిడ నన్ను పిలిచి పళ్ళెం చేతిలో పెట్టి, ఏ సంవత్సరం బ్యాచ్ అని అడిగింది. ఎక్కడినుంచి వచ్చావని అడగలేదు. మీ మూడో ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే.

జవాబు: డాలస్‌లో ఒక ఉద్యోగి

పై మిత్రుడు చక్కగా రాశారు. కానీ అంతా పండుగలాగే ఉంటుందని అనుకుని బయలుదేరితే దెబ్బతింటారు కాబట్టి నా అనుభవమూ చెబుతాను. నేను చదివింది దక్షిణాదిలోని మరొక హెచ్‌బీసీయూలో, పేరు రాయను.

పట్టా విషయం తేలిక. గుర్తింపు పొందిన హెచ్‌బీసీయూ పట్టాకు చట్టం దృష్టిలో వేరే హోదా ఏమీ లేదు. చదువు అయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే 12 నెలల అనుమతి (ఓపీటీ), సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం (స్టెమ్) కోర్సులకు ఉన్న 24 నెలల పొడిగింపు, అమెరికా మాస్టర్స్ చేసినవారికి హెచ్1బీ ఉద్యోగ వీసాలో విడిగా ఉన్న 20,000 వీసాల కోటా, అన్నీ మిగతా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వర్తించినట్టే దీనికీ వర్తిస్తాయి. ఐ-20 మీద కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో మాత్రం స్వయంగా చూసుకోండి, కన్సల్టెన్సీ మాట నమ్మకండి. పెద్ద కంపెనీలు హెచ్‌బీసీయూ కెరీర్ ఫెయిర్లకు ప్రత్యేకంగా వస్తాయి. అయితే అక్కడ నిలబడ్డ ప్రతి రిక్రూటరూ విదేశీ విద్యార్థికి స్పాన్సర్‌షిప్ ఇవ్వడానికి వచ్చినవాడు కాదు. ముందే అడిగితే మీ సమయమూ, ఆయన సమయమూ మిగులుతాయి.

కష్టం ఎక్కడంటే ఆఫీసుల దగ్గర. నాకు సెప్టెంబరులో రావలసిన అసిస్టెంట్‌షిప్ జీతం నవంబరులో వచ్చింది. రిజిస్ట్రేషన్ మీద పొరపాటున పడిన హోల్డ్ తీయించుకోవడానికి మూడు కిటికీల దగ్గర నిలబడ్డాను. అక్కడ పనిచేసేవాళ్ళు మంచివాళ్ళే, ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరే చేస్తున్నారు. కారణం దాచిపెట్టింది కాదు. 1890 చట్టం కిందికి వచ్చే ఈ విశ్వవిద్యాలయాలకు రాష్ట్రాలు న్యాయంగా ఇవ్వవలసిన సొమ్ములో, 1987నుంచి 2020 వరకు 16 రాష్ట్రాలలో కలిపి 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చారని 2023 సెప్టెంబరులో కేంద్ర విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులే ఆ గవర్నర్లకు లేఖలు రాశారు. మేరీలాండ్‌లో నాలుగు హెచ్‌బీసీయూల తరఫున వేసిన దావా పదిహేనేళ్ళు నడిచి, 2021లో 57.7 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. ఇదంతా నేను తరువాత చదివి తెలుసుకున్నదే. కారణం తెలిసినంత మాత్రాన అద్దె కట్టే తేదీ వాయిదా పడదు కాబట్టి, మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని బయలుదేరండి.

జవాబు: మేరీలాండ్‌లో ఒక తండ్రి

అమ్మా, మీ మేనమామగారు ఎందుకు వద్దన్నారో చెప్పలేదన్నారు. నేను చెప్పగలను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. మాది గుంటూరు జిల్లా. అమెరికా వచ్చి చాలా ఏళ్ళయింది. మా అమ్మాయి బీఏ చదవడానికి వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి, అదీ హెచ్‌బీసీయూనే, వెళతానన్నప్పుడు నెలరోజులు ఇంట్లో మాటలు లేవు. పిల్ల భద్రత అన్నాను, ర్యాంకింగు అన్నాను. రెండూ సాకులని నాకు తెలుసు. కమలా హారిస్ తల్లి మన మద్రాసువారని, కమల హోవర్డ్‌లో చదివారని పార్టీల్లో గొప్పగా చెప్పుకొనే మనం, అదే హోవర్డ్‌కు మన పిల్ల వెళతానంటే మాట మారుస్తాం. తెల్లటి కోడలి కోసం ప్రకటనలు వేసుకొనే మన ఇళ్ళనుంచి మోసుకొచ్చిన జబ్బు ఇది, అమెరికాలో అంటుకున్నది కాదు.

అమ్మాయి మొదటి సంవత్సరం ఒక సంగతి చెప్పింది. హాస్టల్‌లో ఆదివారాలు ఆడపిల్లలు గంటల తరబడి ఒకరి జడలు ఒకరు వేసుకొనేవాళ్ళట. మా అమ్మాయి కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళి వాళ్ళలో కూర్చుంది. ఆ కబుర్లలో ఒక పిల్ల, "క్లాసులోకి వెళ్ళగానే నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టుకోవలసిన అవసరం రాని మొదటి చోటు ఇదే" అందట. మా అమ్మాయి కూడా తన హైస్కూలులో అలాగే లెక్కపెట్టుకొనేది, మాకు ఎప్పుడూ చెప్పలేదు. అయితే అక్కడితో ఆగకుండా ఆమె ఇంకో మాట అంది: "నాన్నా, వాళ్ళకు ఆ లెక్క తప్పిన చోట నేను మళ్ళీ లెక్క మొదలుపెట్టించే మనిషిని కాకూడదు." అంటే, చర్చల్లో తన బాధనూ వాళ్ళ బాధనూ ఒకే తూకంలో వేయకుండా, ముందు వినడం. మీరు మూడో ప్రశ్న అడిగారంటే ఆ పాఠంలో సగం మీకు ఇప్పటికే తెలుసు.

ఆ నాలుగేళ్ళలో నేనూ కొంత చదివాను. నేనుండే ఈ రాష్ట్రపు విశ్వవిద్యాలయ లా స్కూలు నల్లవారిని చేర్చుకోని రోజుల్లో, తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన బాల్టిమోర్ కుర్రవాడు థర్‌గుడ్ మార్షల్ హోవర్డ్‌కు వెళ్ళి 1933లో లా పట్టా పుచ్చుకున్నారు. తన గురువు చార్లెస్ హ్యూస్టన్‌తో కలిసి వాదించి, మూడేళ్ళు తిరగకముందే ఆ లా స్కూలు తలుపులే తెరిపించారు. హోవర్డ్‌లో పనిచేసిన నల్లజాతి మతాచార్యుడు హోవర్డ్ థర్మన్ 1936లో బార్దోలీలో గాంధీగారిని కలుసుకున్నారు. ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మోర్డెకాయ్ జాన్సన్ భారతదేశం చూసి వచ్చి గాంధీని గురించి చేసిన ప్రసంగం విన్న విద్యార్థులలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. ఇక 1964లో మన రామ్ మనోహర్ లోహియా మిసిసిపీలోని టూగలూ అనే నల్లజాతి కళాశాలకు అతిథిగా వెళ్ళి, జాక్సన్ నగరంలో తెల్లవారికి మాత్రమే వడ్డించే ఒక కెఫెటేరియాలోకి ధోవతితో అడుగుపెట్టబోతే ఆపి, అరెస్టు చేశారు. ఆ మరుసటి ఏడాది, పౌరహక్కుల ఉద్యమపు వేడిలోనే, వలస చట్టం మారింది. అంతకుముందు మన దేశానికి ఏడాదికి ఇచ్చిన కోటా 100 మంది. మీ మేనమామా నేనూ ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్నది ఆ తలుపు తెరుచుకున్నందువల్లనే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని మళ్ళీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ నాన్నకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మామయ్యకు తానే ఫోన్ చేసి, "ఎందుకు వద్దో ఒక్క కారణం చెప్పు బావా" అని అడిగాడు. అవతలినుంచి, చలి ఎక్కువేమో అన్న జవాబు వచ్చింది. న్యూజెర్సీలో ఉండి నార్త్ కరొలైనా చలి గురించి చెప్పడం ఏమిటని అమ్మ నవ్వింది. వీసా స్లాట్ బుక్ చేశాను. గ్రీన్స్‌బరోలో రూము కోసం ఎవరిని అడగాలో, ప్రాంగణం దగ్గరే చూసుకోవాలో లేదో దయచేసి చెప్పండి.

జవాబు: గ్రీన్స్‌బరో పాత విద్యార్థి

బస్సులో వెళ్ళగలిగే దూరం అయితే చాలు. భారతీయ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు వివరాలు మీకు విడిగా పంపుతాను. రూములు అందులోనే దొరుకుతాయి. వీలైతే నలుగురు తెలుగువాళ్ళున్న ఇంటికన్నా, అక్కడి అమ్మాయిలు ఒకరిద్దరు ఉన్న ఇల్లు చూడండి. వంటింట్లో పోపు వాసన గురించి ముందే చెప్పి ఒప్పందం చేసుకోండి, లేకపోతే పొగ అలారం చెబుతుంది. ఫిబ్రవరి 1 ఉదయం మాత్రం ల్యాబ్ పని ఏదీ పెట్టుకోకండి.