సీనియర్ ఫోర్‌బాల్‌కి మా జోడీ కుదురుతుందా?

ప్రశ్న:
నాకు 58. మొదటిసారి గోల్ఫ్‌లో సీనియర్ అమెచ్యూర్ జోడీల ఛాంపియన్‌షిప్‌కి పేరిస్తున్నాను, ఫోర్‌బాల్ స్ట్రోక్ ప్లే (అన్ని హోల్స్‌లో కొట్టిన మొత్తం షాట్ల లెక్క). నా స్నేహితుడు చాలా దూరం కొడతాడు కానీ ఒక్కోసారి బాల్ చెట్లలోకి పోతుంది. నాది దూరం తక్కువే అయినా ఫెయిర్‌వే (మధ్యలో గడ్డి కత్తిరించిన దారి) వదలను. మా ఇద్దరికీ కుదురుతుందంటారా? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
భేషుగ్గా కుదురుతుందండీ. ఎవరి బాల్ వాళ్ళు ఆడతారు, ప్రతి హోల్‌లో ఇద్దరిలో తక్కువ స్కోరే జట్టు స్కోరు, కాబట్టి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర ముందు మీరు కొట్టి బాల్‌ని ఫెయిర్‌వేలో పెడితే ఆయన నిశ్చింతగా గట్టిగా కొట్టొచ్చు. గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద కూడా మీలో ముందు ఎవరు ఆడాలో మీ ఇష్టమే. పార్‌కి (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల సంఖ్య) మీకు నాలుగడుగుల పుట్ (కప్పులోకి దొర్లించే షాట్), బర్డీకి (పార్ కన్నా ఒకటి తక్కువ) ఆయనకి పదిహేనడుగుల పుట్ ఉన్నాయనుకోండి, ముందు మీది వేసేయండి. ఇక ఆయన బాల్ కప్పు దాటిపోతుందేమోనని భయపడక్కర్లేదు.

జవాబు:
హ్యాండిక్యాప్ (ఆటస్థాయిని బట్టి స్కోరులో తగ్గించే షాట్లు) పోటీ అయితే మామూలుగా ఒక్కొక్కరికి ఆ కోర్సులో వచ్చే హ్యాండిక్యాప్‌లో 85 శాతం ఇస్తారు, మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపోటములు లెక్కించే ఆటలో) 90. కార్డులో ప్రతి హోల్ స్కోరు మీ ఇద్దరిలో ఎవరిదో స్పష్టంగా ఉండాలి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, సంతకం చేసేముందు ఇద్దరూ కలిసి చూసుకోండి. మీ స్నేహితుడి వయసెంతో రాయలేదు. సీనియర్ పోటీలకు చాలా చోట్ల కనీసం 55 ఉండాలి, ఇద్దరికీ.

ప్రశ్న అడిగినవారు:
ఆయనకి 61 అండీ. టీ దగ్గర ఇన్నాళ్ళూ ఆయన్నే ముందు కొట్టనిచ్చాను, రేపటి ప్రాక్టీస్‌లోనే మార్చేస్తాం. చాలా థ్యాంక్స్.