అప్‌డేట్: కావలిలోని మా నాన్నగారి ఆర్‌ఎక్స్ 100కు రీబోర్ అవసరం పడలేదు

ఇంజన్ వేడెక్కాక ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ తిరిగే వేగం) దానంతట అదే పెరుగుతోందని, తెల్లపొగ కూడా ఆగడం లేదని, 1992 నాటి ఈ యమహా బైకుకు రీబోర్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి సరిచేయడం) చేయించాలా అని అడిగిన నాకు ఓపికగా సమాధానమిచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ రెండు వైపులా గాలి, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) చూడమన్న వారి మాటే నిజమైంది.

ఈ 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం ముందుగా క్రాంక్‌కేసులోకే (క్రాంక్ షాఫ్ట్ తిరిగే గది) వస్తుంది కనుక, మ్యాగ్నెట్ వైపు సీలు గట్టిపడి సందిస్తే బయటి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది, ఐడిల్ పెరుగుతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదమూ ఉంటుంది. క్లచ్ వైపు సీలు పోతే ఇంజన్ గేర్ ఆయిల్‌ను పీల్చుకుని తెల్లగా పొగ వదులుతుంది. మా బండిలో రెండూ పోయాయి. ఒంగోలులో టూ స్ట్రోక్ బళ్లపై చేయి తిరిగిన మెకానిక్ ఒకాయన వాటిని మార్చి, కార్బురేటర్ శుభ్రం చేశారు; ఇంజన్‌కు టూ స్ట్రోక్ ఆయిల్ అందించే పంపును తీసేయమని కొందరు చెప్పినా, అది సక్రమంగా పనిచేస్తున్నందున ఉంచేశాను.

ఇప్పుడు నెల్లూరు దాకా హైవే మీద నిశ్చింతగా వెళ్లి వస్తున్నాను. సముద్రపు ఉప్పుగాలికి సైలెన్సర్, ట్యాంకు అడుగు తుప్పు పట్టడం మాత్రం ఆగలేదు. తర్వాత చేయించవలసిన పని అదే.