సమస్య: "చచ్చినట్టి యవ్వ చంక నెక్కె" (పాత పేర్లపై పూరణలు)

నిర్వాహకుడు:
సభ్యులకు నమస్కారం. ఈ వారం సమస్య:

చచ్చినట్టి యవ్వ చంక నెక్కె

ఇది ఆటవెలది నాలుగో పాదం; దీనికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణ. మొన్న పిల్లల పేర్ల మీద మనవాళ్ళ మధ్య వాదన బాగా సాగింది. సుబ్బమ్మ, వెంకమ్మ, అప్పారావు, కోటయ్య లాంటి పేర్లు మళ్ళీ వస్తాయా, తాతల తరంతోనే ఆఖరా అని. ఎవరి మాట వారిదే అయింది కాబట్టి ఆ వాదనను పద్యంలోకి తెచ్చుకుందాం. ప్రాసనియమం లేదు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, తప్పకూడదు.

పల్లకి:
అయ్యా, పెద్దావిడను పట్టుకుని "చచ్చినట్టి" అనడం చెవికి ములుకులా ఉంది. "పోయినట్టి" అంటే మర్యాదగా ఉండదా?

నిర్వాహకుడు:
పల్లకి గారూ, అప్పుడు "చంక"కు యతి చెడుతుంది. అదీగాక సమస్య వినగానే ఉలిక్కిపడాలి. ఆ ఉలికిపాటును పోగొట్టి, అవ్వ మర్యాద నిలబెట్టే పని పూరణకర్తలది.

గోరువంక:
నా పూరణ.

అవ్వ పేరె పెట్టి రందాల బుజ్జికి
ముద్దుగాను పిలిచి మురిసి రంత
పేరు రూపు దాల్చి పిలిచిన పలుకుచు
చచ్చినట్టి యవ్వ చంక నెక్కె.

నిర్వాహకుడు:
మొదటి పూరణకే సమస్య విడిపోయింది. మూడో పాదం బాగుంది. పేరు రూపు దాల్చి, పిలిస్తే పలకడం అనేది మంచి ఊహ. రెండో పాదం మాత్రం ఖాళీ పూరించడానికే వచ్చింది. ముద్దుగా పిలిచారు, మురిశారు అన్నది ఏ పసిబిడ్డ గురించైనా చెప్పొచ్చు. ఆ అవ్వ పేరేమిటో అక్కడ చెప్పి ఉంటే పద్యానికి ప్రాణం వచ్చేది.

కొత్తచిగురు:
గురువుగారూ, నేను ఛందస్సు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. దయచేసి చూడండి.

పాత పేరు మళ్ళి వచ్చెను ఫ్యాషనై
కొత్తదనము దాని కొంగు బట్టె
చిన్నిదాని నుదుట చిరునామ మగుచును
చచ్చినట్టి యవ్వ చంక నెక్కె.

నిర్వాహకుడు:
అమ్మా, గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో "పా"కు "వ" యతి చెల్లదు. మాటలు మార్చక్కర్లేదు, తారుమారు చేస్తే చాలు: "పాత పేరు మళ్ళి ఫ్యాషనై వచ్చెను". ప-ఫ యతి కుదిరింది, గణాలూ నిలిచాయి. "కొత్తదనము దాని కొంగు బట్టె" అన్న పాదం హాయిగా ఉంది. "చిరునామ"లో చిన్న పేరు అన్న అర్థం కూడా తగలడం పద్యానికి కలిసొచ్చింది.

నిప్పురవ్వ:
పద్యం సంగతి సరే, విషయంతో నాకు పేచీ ఉంది. తిరిగి వస్తున్నవి ఏ పేర్లు? జానకి, వైదేహి, మైథిలి, అహల్య. అవన్నీ పుస్తకాల్లోంచి వచ్చే పేర్లు. నూకాలు, అప్పలనరసమ్మ, పెంటయ్య, పోలమ్మ ఎక్కడ? మా చిన్నాన్న కూతురికి నానమ్మ పేరు నూకరత్నం అని పెట్టారు. పదో తరగతి ఫారం నింపేనాటికి అది నవ్య అయింది. బళ్ళో ఏడిపిస్తున్నారని పిల్లే పట్టుబట్టింది. నానమ్మ ఏమీ అనలేదు. పాత పేర్లన్నీ ఒకే గంపలో వేసి "వస్తున్నాయి" అంటే నేను ఒప్పుకోను. పొలంలోనూ కూలిపనిలోనూ వినబడిన పేర్లను మనం ముందే పక్కన పెట్టేశాం. నా పూరణ:

సూరమాంబ యందు 'సూ'యె మిగిలిపోయె
మిగత దంత యెగిరి మింట గలిసె
నొక్క యక్షరమున నొదిగి యొదిగి తాను
చచ్చినట్టి యవ్వ చంక నెక్కె.

నిర్వాహకుడు:
నిప్పురవ్వ గారూ, దీన్ని రెండుమూడు సార్లు చదువుకున్నాను. అవ్వ మీద గౌరవమని మొదటి అక్షరం ఉంచుకుని, దానికి నచ్చిన తోక తగిలించుకునే పద్ధతిని ఇంతకంటే సూటిగా చెప్పలేం. "ఒదిగి యొదిగి" అని రెండుసార్లు అనడంలో ఆ ఇరుకు కనిపిస్తోంది.

గోరువంక:
"మిగత" వ్యావహారికం కదా? "తక్కిన" అనాలేమో.

నిర్వాహకుడు:
అలా మారిస్తే "మింట"కు యతి పోతుంది. ఈ పద్యంలో ఆ మాట సహజంగానే ఉంది, ఉండనివ్వండి.

చెరువుగట్టు:
నిప్పురవ్వ గారి బాధ నాదీ. ఆ పేర్లు పోతే వాటితోపాటు పోయేదేమిటో కాస్త వివరంగా చెప్పాలనుంది. ఒకప్పుడు పేరు వినగానే ఆ మనిషి ఏ కొండకు మొక్కిన ఇంట్లో పుట్టాడో తెలిసేది. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ అంటే సింహాచలం. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. కోటయ్య, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండ. పెంచలయ్య అంటే పెంచలకోన. యాదయ్య, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. రాజన్న అంటే వేములవాడ, కొమురయ్య అంటే కొమురవెల్లి. ఓబులేసు అంటే అహోబిలం. ఎవరూ అడగకుండానే పేరే ఇంత చెప్పేది. ఇప్పటి పేర్లు వినసొంపుగా ఉంటాయి కానీ, ఏ పేరు విన్నా ఆ పిల్ల ఎక్కడిదో పోల్చుకోలేం.

పెంటయ్య, పెంటమ్మ పేర్ల గురించి కూడా ఒక మాట. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి ఎత్తుకునేవారు. పారేసిన బిడ్డ కదా, మృత్యువు కన్ను పడదని ఆశ. నవ్వుకోవడానికి పెట్టిన పేరు కాదది. అంతకు ముందు పోయిన పిల్లల లెక్కంతా ఆ పేరులోనే ఉంది. ఆ పేరు మళ్ళీ రావాలని నేను కోరను, ఆ భయం మళ్ళీ రాకూడదు. కానీ ఆ పేరున్న ముసలాయనను చూసి ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది.

పల్లకి:
చాలా బాగా చెప్పారు. ఎంత పాతవైతే అంత తేలిగ్గా తిరిగి వస్తాయేమో అని నా అనుమానం. ఇంగ్లండు, వేల్స్‌లలో ఆర్థర్ అనే పేరు 1920ల తర్వాత 2018లోనే మళ్ళీ మొదటి పది పేర్లలోకి వచ్చింది. అమ్మానాన్నల తరం పేర్లు మనకు ఆఫీసులో, బ్యాంకులో రోజూ వినబడతాయి కాబట్టి పాతగా అనిపిస్తాయి. ముత్తవ్వ పేరును ఇంట్లో ఎవరూ మోయడం లేదు కాబట్టి కొత్తగా అనిపిస్తుంది. ఆ లెక్కన సరోజ, విమల, సుశీల ఇంకా ఆగాలి. మొల్లకు మాత్రం ఇప్పుడే వేళ అయింది. రెండే అక్షరాలు, పైగా పువ్వు పేరు. అన్నమాచార్యుల భార్య తిమ్మక్క పేరు మాత్రం ఎవరైనా పెట్టుకుంటారా అన్నది సందేహమే.

చెరువుగట్టు:
కాకతీయుల ఇంటి ఆడవాళ్ళనే చూడండి. రుద్రమ పేరు ఇవాళ పెట్టినా అందరూ మెచ్చుకుంటారు. ఆమె మేనత్త, బయ్యారం చెరువు శాసనంలో కనిపించే మైలమ పేరు పెడితే? ఇద్దరూ 13వ శతాబ్దం వారే. ఒక పేరు నిలిచింది, రెండోది మన చెవికి వేరేలా తగిలి ఆగిపోయింది. కాలం ఒక్కటే చాలదు, పల్లకి గారూ.

నిర్వాహకుడు:
ఈ మాటల మధ్యలో మధుకలశం గారి పూరణ వచ్చింది:

బడిని 'శాన్వి' యండ్రు, పలకపై శాన్వియే
యింట 'వెంకి' యనుచు నెల్ల రనగ
రెండు పేర్ల మోసి రేయికి నలసిన
చచ్చినట్టి యవ్వ చంక నెక్కె.

రెండు పేర్లు మోసి రాత్రికి అలసిపోయిన పిల్ల చంకనెక్కడం కళ్ళకు కట్టింది. ఒక్క సవరణ: "అలసిన", "చచ్చినట్టి" అని రెండు విశేషణాలు వరసగా పడి, అలసి చచ్చిందన్న అర్థం తోస్తోంది. "రేయికి నలయుచు" అంటే గణం మారదు, ఆ చిక్కూ ఉండదు.

మధుకలశం:
ధన్యవాదాలు, అలాగే మారుస్తాను. మా ఇంట్లో జరుగుతున్నదే రాశాను. బడి పేరు మేం పెట్టుకున్నది, ఇంట్లో పేరు మా అత్తగారు పిలుచుకునేది. పిల్ల రెంటికీ పలుకుతుంది. వెంకి అంటే మాత్రం పరుగెత్తుకుని వస్తుంది.

అవధానప్రియ:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. ఇందరూ పోయిన అవ్వ గురించే రాశారు. నేను బతికున్న అవ్వను తీసుకున్నాను.

అత్త వదిన యమ్మ యమ్మమ్మ యనుచుండ
పేరు పెట్టి యెవరు పిలువరైరి
మనుమరాలి కిడగ మనుచునే తనపేరు
చచ్చినట్టి యవ్వ చంక నెక్కె.

గోరువంక:
అన్వయం నాకు అందలేదండీ.

అవధానప్రియ:
"తనపేరు చచ్చినట్టి యవ్వ" అని మూడో పాదం చివరి మాటను నాలుగో పాదంతో కలిపి చదవండి. "మనుచునే" అంటే బతికి ఉండగానే. పెళ్ళయ్యాక ఆవిడను అందరూ వరస పెట్టే పిలిచారు, పేరుతో పిలిచేవారే లేకపోయారు. ఆ పేరు మనుమరాలికి పెట్టాక, వంటింట్లోంచి ఎవరో ఆ పేరు గట్టిగా పిలిస్తే, ఇన్నేళ్ళ తర్వాత ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

నిర్వాహకుడు:
అవధానప్రియ గారూ, ఈ వారానికి ఇదే మేటి పూరణ. "చచ్చినట్టి" అన్న మాటను అవ్వ మీదినుంచి తీసి పేరు మీద పెట్టారు. పల్లకి గారు మొదట్లో అడిగిన మర్యాద యతి చెడకుండానే దక్కింది. యతులు అ-అ, పే-పి, మ-మ, అన్నీ శుద్ధంగా ఉన్నాయి.

నిప్పురవ్వ:
ఈ పద్యానికి నేనూ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ అవ్వ పేరు నూకాలమ్మ అయినా మనుమరాలికి పెట్టేవారా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

అవధానప్రియ:
ఆవిడ పేరు పోలమ్మ. పిల్లను పోలి అని పిలుస్తున్నారు. బడి రిజిస్టరులోనూ పోలమ్మే.

నిర్వాహకుడు:
వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: "పేరు లేనివాని పేరు మ్రోగె". పూరణలు శుక్రవారం లోగా పంపండి.