ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటి మనిషి అర్థం కాడా? లేక అర్థం కాకపోవడం ఇద్దరి వైపూ ఉందా?

కృష్ణలంక_అమ్మ

మా బాబుకి ఆరేళ్లు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు వచ్చు, కానీ ఎక్కువగా రైళ్ల గురించే మాట్లాడతాడు. మొన్న థెరపీకి తీసుకెళ్తే ఒకావిడ, "ఎదుటివాళ్ల మనసులో ఏముందో వీడికి తెలియదమ్మా, మెదడులో ఆ భాగం పనిచేయదు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కిందటి నెల నాకు జ్వరం వచ్చి పడుకుంటే వాడు తనకు ప్రాణమైన ఇంజన్ బొమ్మ తెచ్చి నా దిండు పక్కన పెట్టి వెళ్లాడు. నా ముఖం వైపు చూడలేదు, ఒక్క మాట అనలేదు. మరి అదేమిటి? "ఆ భాగం పనిచేయదు" అన్నది నిజంగా తేలిన సంగతేనా? ఓదార్పు వద్దు, తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఓరుగల్లు_స్పీచ్

అమ్మా, నేను పన్నెండేళ్లుగా స్పీచ్ థెరపిస్ట్‌ని. ఆవిడ చెప్పిన తీరు తప్పే, కానీ ఆ మాట గాల్లోంచి రాలేదు. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ ఒక పరీక్ష చేశారు. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. యాన్ అనే బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో అనాలి. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెను చూపించారు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో తెలివితేటల ఎదుగుదల నెమ్మదిగా ఉండే స్థితి) ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. కాబట్టి ఇది తెలివితేటల సమస్య మాత్రమే కాదు. తేడా ఉంది. లేదని కొట్టిపారేస్తే పిల్లలకు నేర్పాల్సింది నేర్పకుండా వదిలేస్తాం, నా భయం అదే.

కాలేజ్‌పార్క్_తెలుగబ్బాయి

ఓరుగల్లు గారూ, ఆ 20 మందిలో మిగిలిన నలుగురి సంగతేమిటండీ? వాళ్లు సరిగ్గానే చెప్పారు కదా. పైగా 1995లో ఫ్రాన్చెస్కా హాపే గమనించినదేమిటంటే, ఆటిజం ఉన్న పిల్లల్లో భాష పెరిగేకొద్దీ ఇదే పరీక్షను దాటేవాళ్లూ పెరుగుతారు. అంటే ఆ పరీక్ష మనసుతో పాటు భాషనూ కొలుస్తోంది.

నేను మేరీలాండ్‌లో సైకాలజీ చదువుతున్నాను. మా యూనివర్సిటీలోనే ఎలిజబెత్ రెడ్కే అనే పరిశోధకురాలు ఉన్నారు. నేను ఆవిడ ల్యాబ్‌లో లేను, పేపర్లు మాత్రం చదివాను. ఆవిడ అడిగే ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఇన్నేళ్లూ "సామాజిక మెదడు", అంటే ఎదుటివాళ్లను అర్థం చేసుకునే మెదడు, అని మనం కొలిచిందంతా ఒంటరి మెదడునే కదా? మనిషిని ఎంఆర్ఐ గొట్టంలో పడుకోబెట్టి ఫొటోలు చూపిస్తాం, కథలు చదివిస్తాం. అది చూసేవాడి మెదడే. మాటకు మాట బదులిచ్చే మనిషి మెదడు అందులో కనబడదు.

అందుకే 2010లో ఆవిడ, సహచరులు స్కానర్‌లో పడుకున్నవాళ్లకు ఎదుటి మనిషిని వీడియోలో లైవ్‌గా చూపించారు. తర్వాత అదే మనిషి రికార్డింగ్ వేశారు. ముఖం అదే, మాటలూ అవే. అయినా లైవ్‌గా ఉన్నప్పుడు ఎదుటివాళ్ల ఆలోచనలను పట్టుకునే చోట్లు, సంతోషానికి సంబంధించిన చోట్లు ఎక్కువగా పనిచేశాయి. వీడియో కాల్‌లో అమ్మమ్మ పలకరించడానికీ, ఆవిడ పాత వీడియో చూడటానికీ తేడా మనకు తెలిసిందే. మెదడుకూ తెలుసు.

2013లో ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో ఇలాంటి లైవ్ ఆటే ఆడించారు. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు వైపు చూడాలి. మామూలువాళ్ల మెదడులో ఒంటరిగా చూడటానికీ, కలిసి చూడటానికీ స్పష్టమైన తేడా కనిపించింది. ఆటిజం ఉన్నవాళ్లలో కొన్ని చోట్ల ఆ తేడా తగ్గింది. కాబట్టి "ఏ తేడా లేదు" అని నేననను. కానీ "ఆ భాగం పనిచేయదు" అన్నది ఈ ఫలితాల్లో ఎక్కడా లేదు.

నిశ్శబ్దం_ఇష్టం

నాకు 29. ఆటిజం అని 26వ ఏట తెలిసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. మీరంతా నా మెదడు గురించే మాట్లాడుతున్నారు, ఎదుటివాళ్ల మెదడు మాటేమిటి?

డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో దీన్నే రెండువైపుల సహానుభూతి సమస్య అన్నారు. నేను మిమ్మల్ని అర్థం చేసుకోలేనట్టే మీరూ నన్ను అర్థం చేసుకోలేరు, కానీ లోపం అన్న పేరు మాత్రం నాకే పడుతుంది. 2017లో నోవా శాసన్ బృందం ఆటిజం ఉన్నవాళ్లు మాట్లాడుతున్న చిన్న క్లిప్పులను మామూలువాళ్లకు చూపించింది. క్షణాల్లోనే "వీళ్లతో మాట్లాడాలని లేదు" అనేశారు. అవే మాటలు కాగితం మీద రాసి ఇస్తే ఆ అయిష్టం పోయింది. నేను చెప్పే విషయంలో లోటు లేదు. నా గొంతు, నా ముఖం మీకు నచ్చలేదు, అంతే.

చిన్నప్పుడు నా గడ్డం పట్టుకుని "కళ్లలోకి చూసి చెప్పు" అనేవాళ్లు. చూసేవాణ్ణి. ఆ తర్వాత వాళ్లేం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కేది కాదు. 2005లో విస్కాన్సిన్‌లో చేసిన స్కాన్లలో, ఆటిజం ఉన్నవాళ్లు కళ్ల వైపు ఎంత ఎక్కువ సేపు చూస్తే, భయానికీ ఉద్వేగానికీ సంబంధించిన అమిగ్డలా అంత ఎక్కువగా స్పందించింది. అది చదివి చాలాసేపు ఏడ్చాను.

అమ్మా, మీ బాబు ఇంజన్ బొమ్మ పెట్టి వెళ్లాడు చూశారా, నేనూ అలాగే చేసేవాణ్ణి. అది మాకు చాలా పెద్ద మాట.

గుంటూరు_నాన్న

అందరూ బాగా చెప్పారు. నా బాధ కూడా వినండి. మా అమ్మాయికి పదమూడేళ్లు. మాటలు లేవు. కోపం వస్తే చెయ్యి కొరుక్కుంటుంది. మీరు చెప్పిన పరిశోధనల్లో స్కానర్‌లో కదలకుండా పడుకోగలిగినవాళ్లు, మాట్లాడగలిగినవాళ్లే ఉన్నారు. మా పాప లాంటివాళ్లు ఏ స్కానర్‌లో ఉన్నారు? "తేడా మాత్రమే, లోపం కాదు" అని మీరు అన్నప్పుడల్లా మా ఇంటి కష్టం ఎవరికీ కనపడకుండా పోతుందేమోనని నాకు టెన్షన్.

కాలేజ్‌పార్క్_తెలుగబ్బాయి

గుంటూరు గారూ, మీ మాట న్యాయమైనది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఈ రంగం దగ్గరా సరిపడా లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించింది. ఆటిజం ఉన్నవాళ్లే ఉన్న వరుసలో కథ బాగానే నిలిచింది, ఆటిజం ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసిన వరుసలో ఎక్కువగా జారిపోయింది. నిశ్శబ్దం గారి వాదనకు అది పెద్ద బలం. కానీ 2025లో అదే బృందం 311 మందితో మళ్లీ చేస్తే, కథ చేరవేయడంలో ఆ తేడా కనిపించలేదు. తమ ఫలితాన్ని తామే పరీక్షించి, ఉన్నదున్నట్టు చెప్పినందుకు వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

నిశ్శబ్దం_ఇష్టం

ఆ పేపర్ నేనూ చూశాను, బాధేసింది, ఒప్పుకుంటాను. గుంటూరు అన్నా, మీ పాప కష్టాన్ని చిన్నది చేయాలని నాకు ఎప్పుడూ లేదు. తను చెయ్యి కొరుక్కునే ముందు గదిలో శబ్దం, లైటు ఎలా ఉంటున్నాయో కొన్నాళ్లు రాసి చూస్తారా? నాకు మిక్సీ చప్పుడు ఇప్పటికీ భరించరానిది.

ఓరుగల్లు_స్పీచ్

నిన్నటి నుంచి ఇవన్నీ చదువుతున్నాను. ఐ కాంటాక్ట్ కోసం గడ్డం పట్టుకోవడం నేనూ చేశాను. ఇక చేయను. తేడా ఉందన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గుంటూరు గారూ, చిన్నపిల్లల విషయంలో ఒకటి ఉంది. బ్రిటన్‌లో ప్యాక్ట్ అనే థెరపీ ఎంత పనిచేస్తుందో చూసిన అధ్యయనంలో ఐదేళ్ల లోపు పిల్లలు 152 మంది పాల్గొన్నారు. అందులో శిక్షణంతా తల్లిదండ్రులకే. బిడ్డతో ఆడుకుంటున్న వీడియో తీసి, బిడ్డ ఇచ్చే చిన్న సంకేతాలను గమనించి ఎలా స్పందించాలో నేర్పిస్తారు. 2010 నాటి మొదటి ఫలితాల్లో ఆటిజం లక్షణాలు పెద్దగా తగ్గలేదు, తల్లిదండ్రులు స్పందించే తీరు మాత్రం బాగా మారింది. ఆరేళ్ల తర్వాత చూస్తే లక్షణాల తీవ్రతలోనూ కొంత మేలు కనిపించింది. మీ పాప వయసుకు ఇది నేరుగా వర్తిస్తుందని చెప్పలేను.

కృష్ణలంక_అమ్మ

అందరికీ దండాలు. సోమవారం వెళ్లినప్పుడు రెండే అడుగుతాను. కళ్లలోకి చూడమని వాడిని బలవంతం చేయొద్దని ఒకటి. నేనూ వాడూ ఆడుకునే వీడియో చూసి నాకేం నేర్పగలరో చెప్పమని ఇంకొకటి. గుంటూరు అన్నయ్యా, పాప విషయం రాస్తూ ఉండండి, ఇక్కడ చూస్తుంటాను.

ఇందాక జ్వరం కథ వాడికి గుర్తుచేసి, ఆ బొమ్మ ఎందుకు పెట్టావురా అని అడిగాను. "అది గూడ్స్ ఇంజన్, బరువు లాగుతుంది" అన్నాడు.