కలిపినట్టా, నంజినట్టా? ఎర్రజొన్న రొట్టె దగ్గర ఆగిన ప్రశ్న

చిక్కడపల్లి:
ఆదివారం అపార్ట్‌మెంట్ క్విజ్‌లో ఆర్ఆర్ఆర్ పాట "నాటు నాటు" మీద ఒక రౌండ్ ఉంది. ఖాళీ పూరించండి: "ఎర్రజొన్న రొట్టెలోన మిరపతొక్కు ______". చెవిలో "నంజినట్టు" అని తిరుగుతోంది, అచ్చులో "కలిపినట్టు" అని కనిపిస్తోంది. ఏది ఖాయం? పనిలో పనిగా కార్డు మీద రాసుకున్నవి కూడా చూసిపెట్టండి. ఆస్కార్ అందుకున్న తొలి భారతీయ పాట. ఉక్రెయిన్‌లో యుద్ధం మధ్య చిత్రీకరించారు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిన యుగళగీతం.

మల్కాజిగిరి:
కార్డు మీద రెండు తప్పులున్నాయి. "జై హో" 2009లోనే ఆస్కార్ తెచ్చింది, కాకపోతే అది బ్రిటిష్ సినిమాలో పాట. అందుకని "భారతీయ సినిమా నుంచి ఆస్కార్ గెలిచిన తొలి పాట" అని రాయండి. 2023 మార్చి 12, 95వ ఆస్కార్. గోల్డెన్ గ్లోబ్ అదే ఏడాది జనవరిలో. చిత్రీకరణ కీవ్‌లో, మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు, 2021 ఆగస్టులో. అది ఆ దేశాధ్యక్షుడి అధికార భవనం. రష్యా దండెత్తింది 2022 ఫిబ్రవరి 24న, అంటే అప్పటికి దాదాపు ఆరు నెలలైంది. కథ ప్రకారం మాత్రం అది 1920ల ఢిల్లీ. "ఎక్కడ తీశారు", "ఎక్కడ జరుగుతుంది" అనేవి రెండు వేరు ప్రశ్నలుగా పెట్టకపోతే హాల్లో గొడవే.

బోరబండ:
ఆ రెండూ పోనీ అన్నా, అసలు సంగతి రొట్టె. రొట్టెల తొక్కు ఎవరన్న కలుపుతరా? రొట్టె తుంచి తొక్కుకు అద్దుకొని తింటరు, లేకుంటె నంజుకుంటరు. కలుపుడు అన్నంల ఉంటది. పాట రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ, పాత వరంగల్ జిల్లా. ఆ ఊరాయనకు ఇది తెల్వదా? "నంజినట్టు" అనే రాసి ఉంటడు, అచ్చేసినోళ్లు మార్చిన్రు.

నల్లకుంట:
అచ్చువాళ్ల మీద పడేముందు మాత్రలు, అంటే అక్షరం పలికే కాలం, లెక్కపెట్టండి నాయనా. పాట 6/8లో నడుస్తుంది, అంటే తిస్రగతి, మూడేసి మాత్రల ముక్కలు. "కిర్రు, సెప్పు, లేసు, కోని, కర్ర, సాము, సేసి, నట్టు": ఎనిమిది ముక్కలు, ప్రతిదీ గురువు (రెండు మాత్రలు), లఘువు (ఒక మాత్ర). "మర్రి, సెట్టు, నీడ, లోన, కుర్ర, గుంపు, కూడి, నట్టు": అదే వరస. ఇప్పుడు "ఎర్ర, జొన్న, రొట్టె, లోన, మిరప, తొక్కు, కలిపి, నట్టు". "మిరప", "కలిపి" రెండూ మూడేసి లఘువులు. "నంజి" అయితే గురువు, లఘువు. రెండిటికీ మూడు మాత్రలే. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు.

కూకట్‌పల్లి:
తీర్పు చెప్పకపోయినా మొగ్గు చూపిస్తుంది కదా మాస్టారూ. తొలి నాలుగు పాదాల్లో దూకి, ఊగి, సేసి, కూడి, అన్నిచోట్లా "నట్టు" ముందు గురువు, లఘువే. ఐదోది ఒక్కటే మూడు లఘువులుగా ఎందుకు విరగాలి? "నంజి" ఉంటే వరస చెక్కుచెదరదు.

నల్లకుంట:
విరగడానికే విరిగింది. "కిర్రు" కింద "కర్ర", "మర్రి" కింద "కుర్ర". ఆ జాడలో "ఎర్ర" వచ్చింది, దాని కింద "మిరప". ర్ర పోయి ఉత్త ర మిగిలింది. ఆ వెంటనే "నా పాట సూడు" అని దిగాలి. దిగే ముందు పాదం తొణకాలి. గురువులతో నడిచిన పాదం అక్కడ లఘువులతో పరుగెత్తుతుంది. ఇంకో సాక్ష్యం: "వేసుకొని" అని రాస్తే "కొని"కి రెండు మాత్రలే, అందుకే "కోని" అని సాగదీశాడు. మాత్ర కోసం అక్షరం సాగదీసినవాడు "కలిపి" పొరపాటున పెట్టడు.

మల్కాజిగిరి:
మరి "పోలేరమ్మ జాతరలో పోతరాజు ఊగినట్టు" అన్న పాదంలో "పోలేరమ్మ" సంగతేంటి? పో, లే, ర, మ్మ: 2, 2, 2, 1. ఏడు మాత్రలు. ఆరులో పట్టాలంటే "పోలెరమ్మ" అని లే కురచ కావాలి. అచ్చులో అన్నిచోట్లా "లే" ఉంది.

నల్లకుంట:
పాడినప్పుడు "లె". రాసినప్పుడు "లే". జానపదంలో ఇది రోజూ జరిగేదే.

బోరబండ:
మాకు "లే" అనే ఇనొస్తది.

మల్కాజిగిరి:
యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించి హెడ్‌ఫోన్స్‌తో వినండి. 0.5కి తగ్గిస్తే హల్లులు సాగి మెత్తబడతాయి, లె, లే తేడా అసలు పోతుంది. దరువు ఆ అక్షరం మీదే పడుతుంది కాబట్టి దెబ్బ సాగిందా, అచ్చు సాగిందా అని విడదీయడం కష్టం. ఆటోమేటిక్ సబ్‌టైటిళ్ల జోలికి వెళ్లకండి. ఇంకోటి, 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది హిందీ, తెలుగు వచ్చింది జీ5లో. హిందీలో పాట "నాచో నాచో" అయిపోయింది, అందులో వెతికితే రొట్టే దొరకదు. "నాటు"ని దాదాపు అలాగే ఉంచుకున్నవాళ్లు తమిళులు, కన్నడిగులు: "నాట్టు కూత్తు", "హళ్ళి నాటు".

కొత్తపేట:
పోలేరమ్మ జాతరలో పోతరాజు ఊగడం ఏమిటో కూడా చెప్పండి. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా, ఈ పోతరాజు మన బోనాలవాడు. గోల్కొండ, ఉజ్జయినీ మహంకాళి, లాల్‌దర్వాజా. పోలేరమ్మ పేరు ఎక్కువ వినిపించేది వెంకటగిరి వైపు. అక్కడ చాలా ఊళ్లలో పోతరాజు అంటే గుడి ముందు పాతిన రాయి. రాయి ఊగదు. రెండు ప్రాంతాలనూ ఒక్క పాదంలో కలిపాడు. కలపడం ఈయనకు అలవాటే అనిపిస్తోంది, తొక్కుతో సహా.

బోరబండ:
అక్క మాట బాగున్నది గానీ రొట్టెకు జవాబు కాదు.

కొత్తపేట:
రొట్టెకీ చెబుతా తమ్ముడూ. జొన్నపిండిలో గోధుమలో ఉండే జిగురు ఉండదు. మసిలే నీళ్లు పోసి, చెయ్యి కాలనంత చల్లారాక అరచేతి మడమతో మర్దించి, ఏ రొట్టెకా రొట్టె అప్పటికప్పుడు తట్టాలి. నీళ్లు చల్లవైనా, పిండి పాతదైనా అంచులు పగులుతాయి. అలా పగిలిన రొట్టెను వేడిమీద నలిపి బెల్లం వేస్తే మలీద, బెల్లానికి బదులు తొక్కు, చెంచా నూనె వేస్తే కలిపిన రొట్టె. "రొట్టెలోన" అన్నాడు, "రొట్టెతోన" అనలేదు చూడండి. నంజుకునేటప్పుడు తొక్కు రొట్టె పక్కన ఉంటుంది, లోపల ఉండదు. ఆ "లోన" ఉన్నంతవరకు "కలిపి" తప్పదు.

కూకట్‌పల్లి:
ఇది మాత్రం గట్టి పాయింట్. అయినా ఎర్రజొన్న రొట్టె ఎవరు తింటారండీ? రొట్టెకి తెల్లజొన్న. ఆర్మూర్ వైపు ఎర్రజొన్న వేసేది విత్తనానికి, అది వెళ్లేది ఉత్తరాదిలో పశువుల మేతకి. "ఎర్ర" కేవలం ర్ర కోసం వచ్చింది.

కొత్తపేట:
తొక్కు కూడా ర్ర కోసం వచ్చిందంటారా? కిలో పండుమిరపకు పావుకిలో రాళ్లుప్పు, పావుకిలో చింతపండు, రెండు చెంచాల పసుపు. కాయలు తొడిమతోనే కడిగి, గుడ్డమీద పూర్తిగా ఆరాకే తొడిమ తీయాలి. ముందే తీస్తే నీళ్లు లోపలికి దిగి వారంలో బూజు. ఉప్పు తగ్గిస్తే పులిసి పొంగుతుంది. కచ్చాపచ్చాగా దంచి, చింతపండు మధ్యలో పెట్టి మూతేసి, మూడో రోజు రుబ్బాలి. ఇంత ఎర్రగా ఉండేది తెల్లటి రొట్టెలో వేస్తే కలిపినట్టే కనిపిస్తుంది.

చిక్కడపల్లి:
అందరికీ దండం. ఖాళీలో ఏం రాయను? యుగళగీతం ఉంచనా, తీసేయనా?

మల్కాజిగిరి:
యుగళం అంటే జంట. గొంతులు రెండున్నాయి, ఉంచండి. డ్యూయెట్ అనగానే మనవాళ్లకు హీరో, హీరోయిన్, పూలతోట గుర్తొస్తాయి గానీ ఆ మాటలో ఆడామగా లేదు. కావాలంటే ఇంకో ప్రశ్న ఇస్తాను: పాట ముందు మాటల్లో సల్సా, ఫ్లమెంకో పేర్లు వస్తాయి, వీటిలో 1920లో వినిపించే వీల్లేని పేరు ఏది? సల్సా. ఆ పేరు నాట్యానికి స్థిరపడింది 1970ల న్యూయార్క్‌లో.

కూకట్‌పల్లి:
జొన్న అన్నాక శ్రీనాథుణ్ణి తలవకపోతే ఎలా? ఆయన పేర చెలామణిలో ఉన్న చాటువు:

జొన్నకలి జొన్నయంబలి
జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్
సన్నన్నము సున్నసుమీ
పన్నుగఁ బల్నాటిసీమ ప్రజలందఱకున్

కనకాభిషేకం చేయించుకున్నాయన జొన్నను తిట్టుకున్నాడు, చల్లగరిగ కవి దాన్నే ఆస్కార్ వేదిక దాకా తీసుకెళ్లాడు. ఇన్ని జొన్న వంటకాలు చెప్పి రొట్టె మాటెత్తలేదు, గమనించారా?

బోరబండ:
పిసరు అంటె ఏంది? రొట్టె ముక్కేనా?

నల్లకుంట:
పిసరంటే రవ్వంత. ఇక్కడ వంటకం పేరుగా చదివేవాళ్లున్నారు. నాకు ఒప్పుదల లేదు.

కొత్తపేట:
ఎందుకు లేదు మాస్టారూ? కలి, అంబలి, అన్నం వరసన వచ్చింది. మూడు వంటకాల పక్కన "రవ్వంత" ఎలా కూర్చుంటుంది?

చిక్కడపల్లి:
రొట్టె ప్రశ్న తీసేసి ఈ పద్యమే పెట్టేస్తాను. "పల్నాటి" అని కొట్టించనా, "పలనాటి" అనా?

నల్లకుంట:
పల్నా: 2, 2. పలనా: 1, 1, 2. రెండూ నాలుగే. కందం రెండిటినీ ఒప్పుకుంటుంది.

కూకట్‌పల్లి:
మా వైపు నోట పల్నాడే మాస్టారూ.

నల్లకుంట:
మీ వైపు నోట శ్రీనాథుడు రాయలేదు కదా.