బీచ్‌లో సింక్ సౌండ్ షార్ట్ ఫిల్మ్: ఏ రికార్డర్ కొనాలి?

ఎంవీపీ కుర్రాడు:

అందరికీ నమస్కారం. 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. సగం సీన్లు ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ దాటాక ఇసుకలో. మిగతావి ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో. డబ్బింగ్ వద్దనుకున్నాం, సింక్ సౌండే, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తాం. దాదాపు అన్ని సీన్లలో ఇద్దరే మాట్లాడతారు, ఒక్క సీన్లో మాత్రం నలుగురు. మిర్రర్‌లెస్ కెమెరా, దానికి 3.5 ఎంఎం మైక్ సాకెట్ ఉంది. ఒక షాట్‌గన్ మైక్ (ఎదురుగా ఉన్న శబ్దాన్ని ఎక్కువగా పట్టే పొడవాటి మైక్) ఉంది, దానికి 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్ ద్వారానే రికార్డర్ ఇచ్చే కరెంటు) కావాలి. ఒక వైర్‌లెస్ లేపల్ (బట్టల్లో పెట్టే చిన్న మైక్) సెట్టు కూడా ఉంది. సౌండ్‌కి మనిషి ఒక్కడే, బూమ్ (మైక్ బిగించిన పొడవాటి కర్ర) పట్టేదీ అతనే.

చూస్తున్నవి మూడు: సెకండ్ హ్యాండ్ జూమ్ హెచ్4ఎన్ ప్రో, జూమ్ ఎఫ్3, జూమ్ ఎఫ్6. 32 బిట్ ఫ్లోట్ (మెల్లని, గట్టి శబ్దాలు రెండూ చెడకుండా పట్టే రికార్డింగ్ పద్ధతి) ఉంటే లెవెల్స్ చూడక్కర్లేదంటున్నారు, నిజమేనా? ఏది తీసుకోమంటారు?

బూమ్ పోల్:

ఎఫ్3 తీసుకో తమ్ముడూ. మనిషి ఒక్కడే అన్నావు చూడు, అక్కడే తేలిపోయింది. రెండు చేతులూ బూమ్ మీద ఉన్నప్పుడు గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తిప్పేదెవరు?

ఎఫ్3కి అసలు గెయిన్ నాబ్ లేదు. ఒక్కో ఇన్‌పుట్ వెనక శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే కన్వర్టర్లు రెండు ఉంటాయి, ఒకటి మెల్లని శబ్దానికి, ఒకటి గట్టి శబ్దానికి. రెండింటినీ కలిపి 32 బిట్ ఫ్లోట్ ఫైలు రాస్తుంది. గుసగుసతో మొదలై అరుపుతో ముగిసే టేక్‌లో కూడా ఏదీ పోదు. హెచ్4ఎన్ ప్రో 24 బిట్ వరకే. దాంతో అయితే మీటర్‌లో మాట సగటున మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర, గట్టి మాటలు మైనస్ 10 దాటకుండా ముందే పెట్టుకోవాలి. ఆర్టిస్టు రిహార్సల్లో ఒకలా, టేక్‌లో ఇంకాస్త గట్టిగా చెప్పడం మామూలే. మీటరు సున్నాకి తగిలిందంటే ఆ మాట పోయినట్టే, ఎడిట్‌లో తిరిగి రాదు.

ఎఫ్6 మంచి మెషీనే. ఆరు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ సాకెట్) ఇన్‌పుట్లు, లోపలే టైమ్‌కోడ్ (కెమెరాతో సింక్ చేయడానికి ఫైల్లో రాసే సమయం). కానీ మీ దగ్గరున్నవి ఒక బూమ్, ఒక లేపల్. మిగతా నాలుగు సాకెట్లలో ఏం పెడతారు? నలుగురు మాట్లాడే సీన్‌కి ఆ ఒక్కరోజూ ఎఫ్6నీ మూడు లేపల్స్‌నీ అద్దెకు తెచ్చుకోండి. లేదా ఆ సీన్ ఇద్దరిద్దరి షాట్లుగా విడగొట్టి బూమ్‌తోనే లాగేయండి.

ఒక లోటు ముందే చెప్పాలి. ఎఫ్3కి సొంత మైకులు లేవు. అలల శబ్దం, వీధి శబ్దం విడిగా కావాలంటే షాట్‌గన్‌తోనే పట్టుకోవాలి, స్టీరియో రాదు.

ఇక లెవెల్ మీటర్ సంగతి. చూడక్కర్లేదన్నది చాలావరకు నిజం. హెడ్‌ఫోన్ మాత్రం చెవి మీంచి తీయకూడదు. గాలి కొట్టి మైక్ కాప్స్యూల్‌లోనే శబ్దం పగిలినా, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌లో గెయిన్ ఎక్కువై అక్కడే పగిలినా, రికార్డర్ దాకా వచ్చేది పగిలిన శబ్దమే. దాన్ని ఎన్ని బిట్లూ బాగుచేయలేవు.

ఉప్పుగాలి:

పైన చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఆర్కే బీచ్‌లో ఫలితం తేల్చేది మైక్ ఎంత దగ్గరుందన్నది. నోటికీ మైక్‌కీ దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ పడిపోతుంది. సముద్రం హోరు తగ్గదు, అది అన్ని వైపుల నుంచీ వస్తుంది. 60 సెంటీమీటర్ల దగ్గర శుభ్రంగా వినిపించిన డైలాగు 1.2 మీటర్ల దగ్గర హోరులో కలిసిపోతుంది. కాబట్టి కెమెరామన్‌తో ముందే మాట్లాడుకోండి: అలలు కనిపించే వైడ్ షాట్‌లో మాటలు లేపల్ మీద, దగ్గరి షాట్లలో బూమ్ మీద. నాయిస్ రిడక్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు. హోరు పౌనఃపున్యాలన్నింటా పరుచుకుని ఉంటుంది, దాన్ని గీకితే గొంతు కూడా నీళ్లలో మునిగినట్టవుతుంది.

మైక్‌తో వచ్చే స్పాంజ్ తొడుగు ఇంటి లోపలికే. బీచ్‌లో బొచ్చు తొడుగు తప్పదు, డబ్బు సరిపోతే బ్లింప్ (మైక్‌ని మొత్తంగా మూసే గొట్టం లాంటి గాలి తొడుగు) ఇంకా మేలు. బొచ్చు తడిసి అట్టలు కడితే గాలిని ఆపదు. ఆరబెట్టి, దువ్వెనతో దువ్వి, వెంట్రుకలు లేచి నిలబడ్డాకే వాడండి. లో కట్ (కింది స్థాయి గుమగుమ శబ్దాన్ని తీసేసే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సీన్లు పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి జోరందుకుంటుంది, జనం కూడా పెరుగుతారు. హెలికాప్టర్ వినిపిస్తే అది వెళ్లేదాకా ఆగండి. సగం టేక్‌లో ఉండి సగంలో లేకపోతే ఎడిట్‌లో ప్రతి కట్ దగ్గరా బయటపడుతుంది.

ఇక్కడి తేమ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఏసీ కారులోంచి మైక్ తీసి నేరుగా బీచ్ గాలిలో పెడితే చల్లటి డయాఫ్రమ్ (మైక్ లోపలి పలుచటి పొర) మీద చెమ్మ పడుతుంది. హెడ్‌ఫోన్‌లో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. సంచీ మూసి ఉంచే బయట అరగంట పెట్టి, తర్వాత తెరవండి. ఇంటికొచ్చాక తుడిచి, సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన డబ్బాలో దాచండి. కేబుళ్లను కూడా పొడిబట్టతో తుడవండి, లేకపోతే ఉప్పు పట్టి పిన్నులు నల్లబడతాయి.

లేపల్ విషయంలో బట్ట చూసుకోండి. గంజి పెట్టిన నేత చీర, పాలిస్టర్ చొక్కా రెండూ గరగరలాడతాయి. ఉతికి మెత్తబడిన నూలు బట్ట అన్నిటికన్నా మంచిది. మెడికల్ టేపుని జిగురు బయటికి వచ్చేలా త్రికోణంగా మడిచి, అలాంటివి రెండు చేసి మైక్‌కి అటూ ఇటూ పెట్టండి. ఒకటి ఒంటికి, ఒకటి బట్టకి అంటుకుంటాయి, మధ్యలో మైక్ కదలదు.

ఎడిట్ టేబుల్:

మీ లేపల్ రిసీవర్‌కి 3.5 ఎంఎం అవుట్ ఉంటుంది, ఎఫ్3కి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లే ఉంటాయి. మధ్యలో ఒకదాన్ని ఇంకోదానికి కలిపే కేబుల్ కావాలి, అక్కడే చాలామంది దెబ్బతింటారు. కొన్ని కేబుళ్లు ఎడమ సిగ్నల్‌ని 2వ పిన్నుకీ, కుడి సిగ్నల్‌ని 3వ పిన్నుకీ ఇస్తాయి. రిసీవర్ రెండు వైపులా ఒకే మాట పంపిస్తే, ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ కాబట్టి ఆ రెండు పిన్నుల తేడానే తీసుకుంటుంది, అందుకే మాట దాదాపు మాయమవుతుంది. రికార్డర్ పాడైందనుకుని కంగారు పడతారు. ఎడమ సిగ్నల్ 2వ పిన్నుకి, గ్రౌండ్ 1కీ 3కీ వెళ్లే మోనో కేబుల్ అడిగి తీసుకోండి. ఆ ఛానెల్‌లో ఫాంటమ్ ఆఫ్ చేయండి, 48 వోల్టులు రిసీవర్‌లోకి పోతే అది పాడవచ్చు.

శాంప్లింగ్ రేటు 48 కిలోహెర్ట్జ్ చాలు. 32 బిట్, రెండు ట్రాకులైతే గంటకు సుమారు 1.4 జీబీ. ఎడిట్‌లో క్లిప్ తెరవగానే తరంగం పైకి పోయి పగిలినట్టు కనిపించవచ్చు. క్లిప్ గెయిన్ తగ్గించండి, ఆకారం మళ్లీ వస్తుంది. ఎవరికైనా పంపేటప్పుడు లెవెల్ సరిచేశాకే 24 బిట్‌గా మార్చండి. ముందే మారిస్తే పైకి పోయినదంతా తెగిపోతుంది.

ఎఫ్3 లైన్ అవుట్ నుంచి కెమెరాకి ఒక కేబుల్ వేసుకుంటే తరంగాలు చూసి సింక్ చేయడం తేలిక. కెమెరాలో ఆటో గెయిన్ ఆపేయండి. ఆ కేబుల్ ఉన్నా ప్రతి టేక్‌కీ క్లాప్ కొట్టండి, సీన్ నంబరు నోటితో చెప్పండి. రెండు మెషీన్ల గడియారాలూ అచ్చంగా ఒకేలా నడవవు. తేడా పది లక్షలకు 20 వంతులున్నా గంటకు 72 మిల్లీసెకన్లు, 25 ఫ్రేముల లెక్కన దాదాపు రెండు ఫ్రేములు జారుతుంది. రెండు మూడు నిమిషాల టేకులకు ఇబ్బంది లేదు. రికార్డర్‌ని మాత్రం పొద్దంతా ఆన్‌లో వదిలేయకుండా టేక్‌కో ఫైలు తీయండి.

ఇంట్లో ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టేయండి, వెళ్లేటప్పుడు తిరిగి ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం (మాటలు లేని ఆ చోటి శబ్దం, ఎడిట్‌లో ఖాళీలు నింపడానికి) రికార్డు చేయండి. బీచ్‌లో రెండు నిమిషాలైనా తీయండి, అలలు ఒకే వరుసలో తిరిగి వస్తే చెవికి తెలిసిపోతుంది.

ఎంవీపీ కుర్రాడు:

చాలా థాంక్స్ అన్నా, అందరికీ. ఎఫ్3కే ఫిక్స్ అయ్యాం. బీచ్‌లో ఐదారు గంటలు షూట్ ఉంటుంది, ఫాంటమ్ కూడా నడవాలి. రెండు డబుల్ ఎ బ్యాటరీలు సరిపోతాయా?

బూమ్ పోల్:

వాటినే నమ్ముకోవద్దు. ఫాంటమ్ వేస్తే బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. యూఎస్‌బీ-సీ నుంచి 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెట్టుకో, లోపల బ్యాటరీలు కూడా ఉండనీ. కేబుల్ ఊడినా రికార్డింగ్ ఆగదు. రీఛార్జ్ సెల్స్ వేస్తే మెనూలో బ్యాటరీ రకం ఎన్ఐ-ఎంహెచ్ అని మార్చు. 1.2 వోల్టుల సెల్స్‌ని ఆల్కలైన్ అనుకుంటే మీటరు తప్పు చూపిస్తుంది. కొన్ని పవర్ బ్యాంకులు లోడు తక్కువైతే వాటంతటవే ఆగిపోతాయి. కాబట్టి షూట్‌కి ముందురోజు ఇంట్లోనే, సెల్స్ తీసేసి, ఫాంటమ్ వేసి, రెండు గంటలు రికార్డింగ్‌లో వదిలి చూడు. కార్డుని రికార్డర్‌లోనే ఫార్మాట్ చెయ్యి. సంచీలో మీట నొక్కుకుపోకుండా హోల్డ్ వేసుకో.