‘గగనానికిలకు’: నగుమోము కీర్తన వింటూ అడిగిన ఒక ప్రశ్న

ప్రశ్న:

ఎవరెవరు ఏమి వింటున్నారో, ఎందుకు వింటున్నారో మన బృందంలో రాయమని అడిగారు కనుక నా సంగతి చెబుతున్నాను. కొంతకాలంగా నేను త్యాగరాజస్వామివారి ‘నగుమోము గనలేని’ అనే ఆభేరి రాగ కీర్తననే బాలమురళీకృష్ణగారి గొంతులోనూ, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి పాత రికార్డులోనూ, ఇంకా మరికొందరి కచేరీలలోనూ మార్చి మార్చి వింటున్నాను. రాగం మీది ఇష్టంతో మొదలుపెట్టాను గాని ఇప్పుడు మాటలు నన్ను వదలడం లేదు. కొందరు పాడినప్పుడు చరణంలో ‘గగనాని’ అని ఒక విరుపు, ఆ తరువాత ‘కిలకు బహుదూరం’ అని వినిపిస్తున్నది. సంస్కృతంలో ‘కిల’ అనే అవ్యయం ఉన్నదని తెలుసు గాని, దానికి విభక్తి చేరదు కదా! మరి ఈ ‘కిలకు’ ఏమిటి? ఇంకొక సందేహం కూడా ఉన్నది. జాలి పడవలసినవాడు రాముడైనప్పుడు, పల్లవిలో ‘నా జాలి తెలిసి’ అని ఎందుకన్నారు?

సమాధానం:

‘కిలకు’ అనే మాట లేదండీ. అది ‘గగనానికి + ఇలకు’. ఇల అంటే భూమి. షష్ఠీ విభక్తి ప్రత్యయమైన ‘కి’ మీద అచ్చు వచ్చినప్పుడు ఇకారసంధి వైకల్పికంగా జరుగుతుంది. ఏమ్యాదులలో (‘ఏమి’ మొదలైన మాటల జాబితాలో) ‘కి’ని చేర్చి చిన్నయసూరి చెప్పిన సూత్రమే ఇక్కడ పనిచేసింది. కనుక ‘గగనానికిలకు బహు దూరంబనినాడో’ అంటే ‘ఆకాశానికీ భూమికీ చాలా దూరం అన్నాడో ఏమో’ అని అర్థం. రెండు చోట్ల మధ్య దూరం చెప్పేటప్పుడు రెండింటికీ ‘కి’ చేర్చడం మనం నేటికీ మాట్లాడే తెలుగే; ‘మా ఊరికీ మీ ఊరికీ ఎంత దూరం’ అంటాము గాని మధ్యలో ఇంకే మాటా వెతుక్కోము. ఆ చిన్న పాదంలోనే ‘గగనమునకు’ అనకుండా వాడుకలోని ‘గగనానికి’ అన్న రూపం, దాని పక్కనే గ్రాంథికమైన ‘దూరంబు’ కలిసి ఉండడం గమనించదగినది. త్యాగయ్యగారి తెలుగు తరచుగా ఇట్లాగే ఒక కాలు ఇంటి వాకిట్లోనూ ఒక కాలు కావ్యంలోనూ పెట్టి నడుస్తుంది.

జాలి విషయానికి వస్తే, నేడు ఆ మాట ఎదుటివారి కష్టం చూసి మనకు కలిగే కనికరానికే పరిమితమైపోయింది గాని, పాత తెలుగులో దుఃఖం, వ్యథ అన్న అర్థం కూడా దానికి ఉన్నది. ‘నా జాలి’ అంటే నా వేదన. ‘నీ నగుమోము చూడలేక నేను పడుతున్న వేదన తెలిసి వచ్చి నన్ను కాపాడరాదా’ అన్నది పల్లవి భావం.

ఇక్కడ ‘నీ’ అన్న మాటను నేను కొత్తగా చేర్చలేదు. పల్లవి చివర ‘శ్రీ రఘువర నీ’ అని ఉన్నది చూడండి. వాక్యం అక్కడ ముగియదు. ఆ ‘నీ’ మళ్లీ మొదటికి వెళ్లి ‘నగుమోము’ను అందుకుంటుంది. అనుపల్లవి చివరా, చరణం చివర ‘త్యాగరాజనుత’ తరువాతా ఇదే ‘నీ’ వస్తుంది. పల్లవిని తిప్పి పాడడం సంగీతంలో ఎట్లాగూ తప్పనిది కనుక, ఆ తిరుగుడునే ఆయన వ్యాకరణానికి వాడుకున్నారు. గాయకులు ‘రఘువర నీ’ దగ్గర ముగింపు పలికించి ఆగిపోతే ఆ సర్వనామం దిక్కులేనిదైపోతుంది.

అసలు ఈ కీర్తన మాటలను నేను ఒక వాదంగా వింటాను. భక్తుడు ఏడుస్తున్నాడని అనుకొని వింటే సగమే వినిపిస్తుంది. దేవుడు రాలేదు, ఎందుకు రాలేదో ఒక్కొక్క కారణమే ఊహించి, ప్రతిదానికీ ఎత్తిపొడుపుగా జవాబు చెబుతున్నాడు. ‘నగరాజధర! నీదు పరివారులెల్ల ఒగి బోధన జేసెడు వారలు గారె’ అన్నాడు. అంటే, కొండను మోసినవాడా, నీ పరివారమంతా నీకు తగినట్టు బుద్ధి చెప్పేవారే కదా, చెప్పకుండా ఇట్లా ఊరుకుంటారా అని. ఆ తరువాత వాహనం సంగతి: ‘ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో’, గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని వేగంగా వెళ్లలేకపోయాడా? లేక, పైన చెప్పుకున్నట్టు, ఆకాశానికీ భూమికీ చాలా దూరమని సాకు చెప్పాడా? ఎగరడమే బ్రతుకైన పక్షిరాజుకు దూరమొక సాకుగా దొరకడంలోని వెటకారం ‘గగనానికి, ఇలకు’ అని విడదీసి విన్నవారికే అందుతుంది.

పరివారం, గరుడుడు అన్న ఈ రెండు మాటలూ ఒకచోట కనబడగానే తెలుగు పాఠకుడికి పోతనగారి గజేంద్రమోక్షం గుర్తుకు రాక తప్పదు. ‘సిరికిం జెప్పడు’ పద్యంలో ‘ఏ పరివారంబును జీరడు, అభ్రగపతిం బన్నింపడు’ అని ఉన్నది కదా! ఏనుగు పిలిస్తే పరివారాన్ని పిలవకుండా, గరుడునికి జీను వేయించకుండా పరుగెత్తినవాడు అక్కడి విష్ణువు. ఆ కథ తెలిసిన భక్తుడు ఇక్కడ ‘ఏమి, పరివారం చెప్పలేదా? గరుడుడు కదలనన్నాడా?’ అని అడుగుతున్నాడంటే, వాళ్లెవరూ అక్కరలేకుండానే ఒకప్పుడు వచ్చావు సుమా అని గుర్తుచేస్తున్నాడనే నాకు తోస్తుంది. పోతన భాగవతం త్యాగయ్యగారికి నిత్యపారాయణ గ్రంథమని సంప్రదాయం చెబుతుంది కనుక ఈ పోలిక మరీ దూరం నుంచి తెచ్చినదేమీ కాదు.

మరొక సభ్యురాలు:

మాది తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబం. సంగీతం నేర్చుకున్నప్పుడు నాకు ఈ పాట తమిళ లిపిలోనే రాసి ఇచ్చారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కనుక ‘ఖగరాజు’లోని ‘ఖగ’, ‘గగనానికి’లోని ‘గగ’ ఒకే తీరున కనిపించేవి. కొన్ని పుస్తకాలలో అక్షరం పక్కన అంకెలు వేసి తేడా చూపిస్తారు గాని, చేతిరాత నోటుపుస్తకాలలో అంత ఓపిక ఎవరికి? ఈ మాటలను సరిగా గుర్తుపట్టడానికి ఏమైనా ఉపాయం ఉన్నదా? అట్లాగే ‘వగ జూపకు’ అంటే ‘విచారం చూపించకు’ అని మా గురువుగారు చెప్పారు. దేవుడికి విచారం ఎందుకు అని నాకు అప్పటినుంచీ సందేహమే.

సమాధానం:

ఉపాయం పాటలోనే ఉన్నదమ్మా. అది ద్వితీయాక్షర ప్రాస. నగుమోము, నగరాజ, ఒగి, ఖగరాజు, గగనానికి, జగమేలే, వగ జూపకు. పాదం మొదలైన ప్రతిచోటా రెండవ అక్షరం ‘గ’కారమే, దాని ముందున్న అక్షరం లఘువే. ఎవరైనా ‘ఒగి’ని ‘యోగి’ అని పలికితే, అర్థం తెలియకపోయినా ముందున్న గురువును బట్టి తప్పు పట్టవచ్చు. ఒగి అంటే క్రమముగా, చక్కగా అని. పద్యాలు చదివేవారికి తప్ప ఈనాడు ఎవరికీ పరిచయం లేని మాట.

ఈ ప్రాసలో ఇంకొక విశేషం ఉన్నది. ‘నగ’ అంటే కదలనిది, కొండ. ‘ఖగ’ అంటే ఆకాశంలో వెళ్లేది. ‘జగత్తు’ కూడా వెళ్లేది అనే అర్థంలోనే పుట్టింది. ‘గగన’ శబ్దాన్ని కూడా, సంస్కృత పదాల పుట్టుక చెప్పే ఉణాది సూత్రాలు, వెళ్లడం అనే అర్థమున్న ‘గమ్’ ధాతువు నుంచే సాధిస్తాయి. పోతనగారి ‘అభ్రగపతి’లో ఉన్నదీ అదే ధాతువు. ఎవరూ కదలిరాలేదని మొరపెట్టుకునే పాటలో ప్రాసస్థానాలలోని సంస్కృత పదాలన్నీ కదలికకు సంబంధించినవి కావడం నన్ను ముచ్చటపెడుతుంది. త్యాగయ్యగారు లెక్క చూసుకొని కూర్చారని మాత్రం నేననను; ప్రాస ఆయనను ఆ మాటల వైపు నడిపించి ఉంటుంది. నగు, ఒగి, వగ అనే మూడు తెలుగు మాటలు వాటి సరసన ఎంత సులువుగా ఒదిగాయో చూడండి.

‘వగ’ విషయంలో మీ సందేహం సమంజసమైనదే. వగచు, వగపు అన్న మాటలలోని శోకార్థం దానికి ఉన్న మాట నిజం. కాని వగ అంటే విలాసం, నటన, మాయ అనే అర్థం కూడా ఉన్నది. వగలాడి, వగలమారి, ‘వగలు పోవడం’ అన్నవి ఆ దారిలో వచ్చినవే. అంతవరకూ పరివారం మీద, గరుత్మంతుడి మీద నెపాలు ఊహించి కొట్టివేసిన భక్తుడు, చివరకు ‘ఈ నటనలు నా దగ్గర చూపకు, తాళలేను, నన్నేలుకో’ అనడమే వాదానికి అతుకుతుంది. ‘జూపకు’ అన్న క్రియ కూడా ఈ అర్థానికే నప్పుతుంది. మీ గురువుగారు చెప్పినదానికి నిఘంటువు ఆధారం ఉన్నది గాని, పాట నడక మాత్రం దానికి తోడు రావడం లేదని నా అభిప్రాయం.

మొదట ప్రశ్న వేసినవారు:

‘గగనానికి, ఇలకు’ అని తెలుసుకొని మళ్లీ విన్నాను. ఇప్పుడు ఇంకొక మాట అడుగుతాను. చాలామంది ‘జగమేలే పరమాత్మ’ దగ్గరే నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి విస్తరించి పాడడం) పాడుతున్నారు. గరుడుడి పాదం ఇంత రసవత్తరంగా ఉన్నప్పుడు అక్కడ ఎందుకు పాడరు?

సమాధానం:

నెరవుకు ఎంచుకునే పాదం తనంతట తాను పూర్తి అర్థం ఇవ్వాలి. ‘జగమేలే పరమాత్మ ఎవరితో మొరలిడుదు’ అన్నది అట్లాంటి వాక్యం. లోకాన్ని ఏలేవాడి మీదే ఫిర్యాదు ఉంటే ఇంక ఎవరితో చెప్పుకోవాలి అని. దానికి ముందు గాని వెనుక గాని ఏమీ అక్కరలేదు. ‘గగనానికిలకు’ పాదం అట్లా కాదు. ‘అనినాడో’ అన్న క్రియకు కర్త అంతకు ముందు పాదంలోని ఖగరాజు. దానిని ఒంటరిగా పదేపదే తిప్పి పాడితే అన్నవాడెవరో తెలియకుండా పోతుంది. అక్కడ నెరవు పాడవలసిందే అనుకునేవారు ‘ఖగరాజు’ దగ్గర ఎత్తుకొని రెండు పాదాలనూ కలిపి విస్తరించడం మేలు. అప్పుడైనా ఊపిరి ‘గగనానికి’ తరువాత తీసుకోవాలి.